వరదను వ్రాయుట యెట్లు?

వాన, వరద, అనావృష్టులను గూర్చి సత్యకథనము వ్రాయ నేర్చుట యెట్లని యువరచయితలు మమ్మడుగుచుందురు. ఇందులకు లక్షణగ్రంథము వెదుకనక్కఱలేదు. హైదరాబాదు పాతబస్తీ ప్రక్కన పాఱు మూసీనది 1908 సెప్టెంబరు 28వ తేదీన కలిగించిన యుపద్రవమును జనులు చెప్పుకొన్న తీరులను పోల్చి చూచిన చాలును.

మొదటి తీరు దైవకోపమును చెప్పునది. నది యాగ్రహించినది, పట్టణము మునిగినది, కథ ముగిసినది. వినుటకు గంభీరముగనే యుండును గాని కారణవిచారణకు ఇందు చోటులేదు. కోపించినది నదియే యైనచో, గట్టు తెగిన చెరువును గూర్చి యెవ్వరిని ప్రశ్నింపగలము? మూఢవిశ్వాసము మన యిండ్లలోనే గాక మన వచనములోను దాగియున్నది.

రెండవది లెక్కలు చెప్పునది. నిజాము ప్రభుత్వపు టాహ్వానముపై 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, మూసీ పరీవాహ ప్రదేశమందలి 788 చెరువులలో 221 తెగినవని వ్రాసిరి. ఈ యొక్క వాక్యముతో నది కోపము తొలగి కారణము కనబడినది. ఆ విచారణ ఫలితముగనే 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు నిర్మితమైనవి. అయినను, సుమారు 15,000 మంది మరణించిరను నంకెను చదివినపుడు బుద్ధి గ్రహించును గాని హృదయము కదలదు.

మూడవది దుఃఖము చెప్పునది. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే కోల్పోయి, తానొక్కడు మిగిలి, తన శోకమును కావ్యముగ వ్రాసెను. అచ్చట పదునైదువేలు ముగ్గురై మన కన్నుల యెదుట నిలుతురు. కాని నీరేల వచ్చెనో శోకము చెప్పజాలదు.

కావున నేర్వవలసిన విద్య యిదియే: చెరువుల లెక్కను, ఇంటి దుఃఖమును ఒక్క కథలో కూర్చుట. ఉస్మానియా ఆసుపత్రి యావరణమందలి చింతచెట్టు సుమారు 150 మందిని కాపాడినదందురు. దానిని వ్రాయువాడు చెట్టును పొగడి యూరకుండరాదు. ఎక్కగలిగిన దెవ్వరు? చంటిబిడ్డను చంక నిడుకొన్న తల్లి యేమైనది? అడుగవలెను, తెలియనిచో కల్పింపరాదు.

మఱియొక హెచ్చరిక. ఒకనాటి వాన వేఱు, ముప్పదియేండ్ల సగటుతో తేల్చు శీతోష్ణస్థితి వేఱు. గాలి యొక డిగ్రీ వేడెక్కిన సుమారు నూటికి 7 వంతుల యావిరి నధికముగ పట్టుకొనగలదని శాస్త్రము చెప్పుచున్నది. భారీవర్షములు పెరుగుటకు అదియొక కారణము. కాని 2020 అక్టోబరులో పాతబస్తీ వీధులు మునిగినపుడు శీతోష్ణస్థితి నొక్కదానినే నిందించి, చెరువుల గట్లను, నాలాలను, పల్లపునేలలలో వెలసిన యిండ్లను మఱచువాడు దైవకోపమునకు క్రొత్తపేరు పెట్టినవాడే యగును.

చదువరులు నేడే యారంభింపవచ్చును. వాన కురిసిన తేదీని, గంటను, గోడపై నీరు నిలిచిన యెత్తును ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఇంటిలోని వృద్ధస్త్రీలు చూచిన వరదలను వారి నోటనే విని వ్రాసికొనుడు. వారి సాక్ష్యము నింతవరకు అడిగినవారు తక్కువ. అది లేని వరదకథ సగము కథయేయని మా యభిప్రాయము.