పాత కారుకు పది చేతులు

హైదరాబాద్ పాతబస్తీ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు పుట్టిళ్లు రెండు. ఛాసీ, ఇంజను డెర్బీ ఫ్యాక్టరీలో తయారయ్యాయి; బాడీ లండన్‌లో, గుర్రబ్బగ్గీల తయారీలో పేరుపడ్డ బార్కర్ కంపెనీలో తయారైంది. కారుకు ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్నుమూశాడు. 1912 నాటి ఆ కారు అతని కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఊరేగింపులకే పరిమితమై, చాలా కొద్ది దూరమే తిరిగింది. ఆ రోజుల్లో ఖరీదైన కార్లు చాలావరకు ఇలాగే రెండుచోట్ల తయారయ్యేవి. కొన్నవాడి కోరికను బట్టి కర్రతో చట్రం కట్టి, దానిమీద రేకును చేత్తో సాగగొట్టి బిగించేవారు. కాబట్టి ఒక కారు తలుపు అదే మోడల్ ఇంకో కారుకు పట్టదు. ఇలాంటి బండిని బాగుచేయడానికి డబ్బొక్కటే చాలదు. తెలిసినవాళ్లంతా తమకు తెలిసింది పంచుకుంటేనే ఆ పని సాగుతుంది, ఆ విద్యా నిలుస్తుంది.

గుడ్డ టాప్ ఉన్న ఓపెన్ కారునే తీసుకుందాం. గట్టి పైకప్పు లేని బండిలో తలుపుల కింది పట్టీల మీద, నేల మీద భారం ఎక్కువ పడుతుంది. టాప్ కుట్లు వదిలిన చోట దిగిన వాన నీళ్లు కూడా అక్కడే నిలుస్తాయి. రేకు తుప్పు పడుతుంది, లోపలి కర్ర కుళ్లుతుంది. విడిగా ఛాసీ లేని తర్వాతి కాలపు కార్లలో తుప్పుపట్టిన పట్టీని తొందరపడి కోసేస్తే బాడీ మధ్యలో కుంగి, తలుపులు మళ్లీ మూసుకోవు. అనుభవమున్న మేస్త్రీ ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేయించి, కొలతలు రాసుకుని, ఆ తర్వాతే కోత మొదలుపెడతాడు. టాప్ పనిలోనూ వరస తప్పకూడదు. మడిచే కమ్మీలు సరిగ్గా నిలిచాకే కాన్వాసు కత్తిరించాలి. పాత గుడ్డను కుట్లు విప్పి దాచుకుంటే అదే కొత్త గుడ్డకు కొలత. నికెల్ పూత ఉన్న పాత దీపాలకు క్రోమియం వేయిస్తే మెరుపు వస్తుంది కానీ కాలం తప్పుతుంది. కార్లకు క్రోమియం వాడకం 1920ల చివర్లో గానీ పెరగలేదు.

ఇంజను దగ్గరికొస్తే ఒకరి వల్ల అయ్యే పని కాదని ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ఆనాటి బేరింగులు ఇప్పట్లా డబ్బాలో కొనుక్కునేవి కావు. బాబిట్ అనే మెత్తని మిశ్రమ లోహాన్ని కరిగించి పోసి, చల్లారాక షాఫ్టు కొలతకు గీకి సరిచేయాలి. ఇంజనుకు నిప్పురవ్వనిచ్చే మాగ్నెటోకు తీగ చుట్టేవాడు ఒకడు, లేత్ మీద పళ్లచక్రం కోసేవాడు ఇంకొకడు, సీట్ల తోలు పని చేసేవాడు మరొకడు. ఎవరి దగ్గర ఏ విద్య ఉందో, ఎవరి షెడ్డులో ఏ కార్బొరేటర్ పడి ఉందో తోటి అభిమానులకే తెలుస్తుంది. ఒకరి బండి మీద తీసిన కొలత ఇంకొకరి బండికి ప్రాణం పోస్తుంది. ప్రదర్శనలు పెట్టే సంఘాల అసలు ఉపయోగం కూడా ఇదే: జనం కార్లు చూస్తుంటే యజమానులు మేస్త్రీల ఆచూకీ తెలుసుకుంటారు.

ఇంత తంటా ఎందుకు, కొత్త ఇంజను పెట్టి హాయిగా తిప్పుకోవచ్చు కదా అనే మాటలో కొంత న్యాయముంది. బ్రేకులు, వైరింగు విషయంలో భద్రతే ముందు. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరు పైపులను పాడుచేస్తుంది గనుక వాటినీ మార్చక తప్పదు. కానీ గుండెకాయే మార్చేస్తే మిగిలేది పాత రేకు తొడుక్కున్న కొత్త కారు. కట్టడాల పరిరక్షణకు 1964 నాటి వెనిస్ చార్టర్ దారి చూపింది. పాత వాహనాల కోసం వచ్చిన ట్యూరిన్ చార్టర్ కూడా అదే బాట పట్టి, వీలైనంత పాతదాన్ని కాపాడాలనీ, మార్చినదాన్ని నమోదు చేయాలనీ చెబుతుంది. చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు దక్కింది. గోడ విషయంలో మనం మెచ్చుకున్న నియమం కారు దగ్గర చాదస్తం ఎలా అవుతుంది? మన చట్టమూ ఈ పక్షానే ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికే ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది.

నవాబుల విలాస వస్తువులకు ఇంత సేవ అవసరమా అనేది ఇంకా గట్టి అభ్యంతరం. కారు నిజాముదే కావచ్చు, దాన్ని బతికించే పనితనం మాత్రం కార్మికుడిది. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో చేత్తో తయారుచేసిన వింత వాహనాలు చూస్తే, రేకును కోరిన రూపానికి వంచే నేర్పు ఈ ఊళ్లో ఇంకా సజీవంగా ఉందని ఒప్పుకోవాల్సిందే. పాత కార్లకు పని లేకపోతే బాబిట్ పోసే చేతికీ, మాగ్నెటో చుట్టే చేతికీ పని ఉండదు. కాలుష్యం మాటకొస్తే, వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ తిప్పడానికి ఆ నిబంధనలే ఒప్పుకోవు.

పాత కారు ఇంట్లో ఉన్నవారికి చెప్పేది ఇదే. ఒక్క బోల్టు విప్పేముందు ఫొటో తీయండి, విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టండి, పనికిరాదన్న ముక్కను కూడా పారేయకండి. తెలిసింది దాచుకోకండి. మీ మేస్త్రీ పక్కన పని నేర్చుకునే కుర్రాడికి కూడా కూలి ఇవ్వండి. వచ్చే తరం కార్లు వాడి చేతిలోనే ఉన్నాయి.