ద్విమితీయ పదార్థాల్లో ‘సొరంగం’: ఒక పారిభాషిక పదం పరిమితులు

‘టన్నెలింగ్’ను తెలుగులో బోధించేటప్పుడు ‘సొరంగం’ అనే మాట అప్రయత్నంగా నోటికి వస్తుంది. తాడేపల్లి పరిసరాల విద్యార్థికి ఆ మాట వినగానే కంటికి కట్టే దృశ్యాలున్నాయి. కృష్ణకు ఆవల విజయవాడ చిట్టినగర్‌లో కొండను తొలిచిన సొరంగం ఉంది. ఈవల ఉండవల్లిలో కొండను తొలిచి మలచిన గుహలున్నాయి. రెండుచోట్లా రాయి పోయి ఖాళీ మిగిలింది. ఎలక్ట్రాన్ దాటిన అవరోధంలో మాత్రం ఏదీ తొలగిపోదు. అది ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. సంప్రదాయ క్వాంటం పాఠంలో ఈ లోపాన్ని అధ్యాపకుడు ఒక వాక్యంతో సరిదిద్దవచ్చు. ద్విమితీయ పదార్థాల దగ్గరకు వచ్చేసరికి అది ఒక వాక్యంతో తీరేది కాదు. పరస్పరం పొసగని రెండు ప్రక్రియలను ఈ పదం ఒకటిగా చూపుతుంది.

మొదటిది పొరకు అడ్డంగా సాగే గమనం. 1928లో గామో ఆల్ఫా క్షయాన్ని వివరించిన తర్కమే ఇక్కడా వర్తిస్తుంది. ఎలక్ట్రాన్ శక్తి అవరోధం ఎత్తు కంటె తక్కువైనప్పుడు, లోపల తరంగ ప్రమేయం ఘాతీయంగా క్షీణిస్తుంది. అవరోధం పలుచనైతే ఆవలి వైపు కొంత మిగులుతుంది. షట్కోణ బోరాన్ నైట్రైడ్ విద్యుత్ బంధకం. దాని పొరల మధ్య దూరం సుమారు 0.33 నానోమీటర్లు. 2012లో బ్రిట్నెల్ బృందం ప్రచురించిన కొలతల్లో, పొరల సంఖ్య పెరిగేకొద్దీ ప్రవాహం ఘాతీయంగా పడిపోయింది. ‘సొరంగం’ ఇక్కడ అసంపూర్ణమైన ఉపమానం, అంతే.

రెండవది గ్రాఫీన్ తలంలోనే సాగే గమనం. 1929లో క్లైన్ సాపేక్ష ఎలక్ట్రాన్‌కు లెక్కగట్టిన వింత ఫలితం గ్రాఫీన్‌లో పరీక్షకు అందుతుందని 2006లో కాట్స్‌నెల్సన్, నొవొసెలోవ్, గైమ్ సూచించారు. 2009లో కొలంబియా, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల బృందాల ప్రయోగాలు దీనికి ఆధారాలు చూపాయి. ఏకపొర గ్రాఫీన్‌లో శక్తి అంతరం లేదు. అందువల్ల అవరోధం లోపల కూడా ఎలక్ట్రాన్‌కు అనుమతించిన స్థితులు సంయోజక పట్టీలో దొరుకుతాయి. తరంగం క్షీణించదు, ప్రయాణిస్తుంది. లంబంగా వచ్చిన ఎలక్ట్రాన్ వెనుదిరగాలంటే రెండు ఉపజాలకాల నుంచి వచ్చే మిథ్యాస్పిన్ తలకిందులు కావాలి; నునుపైన పొటెన్షియల్ ఆ పని చేయలేదు. కాబట్టి ఎత్తు, వెడల్పు ఎంతైనా ప్రసారం సంపూర్ణం. ఏటవాలుగా వచ్చినవాటికి ఈ హామీ లేదు.

సీతానగరం దగ్గర ప్రకాశం బారేజి 70 గేట్లు దింపితే నీరు ఆగుతుంది. ట్రాన్సిస్టర్‌లోనూ వాడేది ‘గేటు’ అనే మాటే. ఏకపొర గ్రాఫీన్‌లో గేటు వోల్టేజితో అవరోధాన్ని ఎంత లేపినా తిన్నగా వచ్చే ఎలక్ట్రాన్ ఆగదు. ఆ పదార్థంతో స్విచ్చిని పూర్తిగా ఆపడం కష్టం కావడానికి శక్తి అంతరం లేకపోవడమే మూలం. దీన్ని ‘సొరంగం’తో చెప్పిన పాఠం అసలు కారణాన్నే మరుగుపరుస్తుంది. పైగా సంయోజక పట్టీలోని ఖాళీని ‘రంధ్రం’ అనే వ్యవహరిస్తాం. సొరంగం, రంధ్రం పక్కపక్కన విన్న విద్యార్థి ఎలక్ట్రాన్ గోడకు బెజ్జం వేసిందనుకుంటే తప్పు అతనిది కాదు.

ప్రత్యామ్నాయంగా తోచే ‘అవరోధ లంఘనం’ మరింత ప్రమాదకరం. లంఘనమంటే పైనుంచి దూకడం. అది ఉష్ణశక్తితో అవరోధాన్ని దాటే వేరొక ప్రక్రియకు చెందుతుంది. ‘భేదనం’లో మళ్ళీ తొలవడమే ఉంది. నదిని దాటడాన్ని సూచించే ‘తరణం’ కొంత మేలు: మొదటి ప్రక్రియకు ‘అవరోధ తరణం’ సరిపోతుంది. రెండవదాన్ని ‘క్లైన్ ప్రసారం’ అనడం ఉచితం, ఆంగ్లంలో దానికీ ‘టన్నెలింగ్’ అనే పేరే స్థిరపడినా. ‘అవరోధం వెడల్పు పెరిగితే ప్రసార సంభావ్యత తగ్గును’ అనే పరీక్షా వాక్యం బోరాన్ నైట్రైడ్‌కు ఒప్పు, ఏకపొర గ్రాఫీన్‌లో లంబ పతనానికి తప్పు. రెండు పొరల గ్రాఫీన్‌లో అదే లంబ పతనానికి తిరిగి ఒప్పు. అక్కడ తరంగం క్షీణించి, వెడల్పైన అవరోధం దగ్గర ఎలక్ట్రాన్ దాదాపు పూర్తిగా పరావర్తనం చెందుతుంది.