గెలవలేని ఆట: ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’ – ఒక పరిశీలన

వీడియో గేములను గూర్చి మన ప్రసంగ వేదికల మీద వినబడేవి ఎక్కువగా హెచ్చరికలే. కాలహరణం, హింస, వ్యసనం – ఈ ఆరోపణలు నిరాధారమైనవని మేము అనడం లేదు. అయితే ఒక కళారూపాన్ని దానిలోని చెత్తను బట్టి మాత్రమే తూచితే నవల గాని, సినిమా గాని నిలువదు. అందుచేత ఒకే ఒక్క గేమును శ్రద్ధగా పరిశీలించదలిచాము.

అమెరికాకు చెందిన క్రైస్తవ దంపతులు ర్యాన్ గ్రీన్, ఏమీ గ్రీన్ తమ సహచరులతో కలిసి 2016 జనవరిలో ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’ను విడుదల చేశారు. వారి కుమారుడు జోయెల్‌కు ఏడాది వయస్సులో క్యాన్సర్ బయటపడింది. వైద్యులు కొద్ది నెలలే అన్నారు. నాలుగేళ్లు బ్రతికి 2014 మార్చిలో మరణించాడు. గేము నిర్మాణం బిడ్డ బ్రతికి ఉండగానే మొదలైంది. అంటే కథ ముగింపు ఏమిటో కర్తలకే తెలియదు. (డ్రాగన్ అనగానే మన చదువరులకు ప్రకటన 12వ అధ్యాయంలోని ఘటసర్పం గుర్తుకు రాక మానదు.)

సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010లో, వీడియో గేములు ఎన్నటికీ కళ కాలేవని వ్రాశారు. ఆటను గెలవవచ్చు, కళను గెలవడమంటూ ఉండదన్నది ఆయన వాదంలో ముఖ్యాంశం. ఈ గేము ఆ వాదాన్ని దాని చోటనే ఎదుర్కొంటుంది. ఆసుపత్రి గదిలో రాత్రివేళ బిడ్డ ఏడుస్తుంటాడు. తండ్రి స్థానంలో ఉన్న మనం ఎత్తుకుంటాం, జూస్ పట్టబోతాం, అటూ ఇటూ తిరుగుతాం. ఏమి చేసినా ఏడుపు ఆగదు. సినిమాలోనైతే ఆ తండ్రిని చూసి జాలిపడేవాళ్లం. ఇక్కడ నిస్సహాయత మన చేతివేళ్లలోకి వస్తుంది. చివరకు తండ్రి ప్రార్థిస్తాడు, బిడ్డ శాంతిస్తాడు. ఇంతటితో ఆగివుంటే ఇది సాధారణమైన సాక్ష్యమే. అయితే తరువాత వచ్చే దేవాలయ ఘట్టంలో అనేకుల ప్రార్థనా స్వరాలు వినబడతాయి. ఆ బిడ్డ బ్రతకడు.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది సముద్ర ఘట్టం. తల్లి స్వస్థతను నిరీక్షిస్తూ పడవలో ఉంటుంది. తండ్రి నీళ్లలో మునిగి ఉంటాడు. ఇద్దరూ విశ్వాసులే. ఎవరి విశ్వాసం గొప్పదో గేము తీర్పు చెప్పదు. స్వస్థత కూటం నుండి స్వస్థత లేకుండా తిరిగివెళ్లే కుటుంబాన్ని “విశ్వాసం చాలలేదు” అని పంపివేసే కాపరులు ఈ ఘట్టం దగ్గర కొంతసేపు ఆగాలి.

మా అభ్యంతరం ముగింపు మీద. మరణం తరువాత జోయెల్ ప్యాన్‌కేకులతో, కుక్కతో ఆనందంగా కనిపిస్తాడు. పునరుత్థాన నిరీక్షణను మేము తప్పుపట్టడం లేదు. అది త్వరగా వచ్చిందంటున్నాం. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, కీర్తనాకారుడు దానికి స్తుతిని అతికించలేదు. గేముకు అంత ఓర్పు లేకపోయింది.

సుమారు రెండు గంటలలో పూర్తయ్యే ఈ గేమును కాపరి పరిచర్య తరగతిలో యోబు గ్రంథంతో పాటు విద్యార్థుల ముందుంచవచ్చు. ఇటీవలే బిడ్డను పోగొట్టుకున్నవారు ఆ తరగతిలో ఉన్నారేమో ముందుగా విచారించాలి.