వృద్ధాశ్రమం కథలో ఆయా ఎక్కడ?

మన కథల్లో వృద్ధాశ్రమం అంటే ఒక గేటు, ఒక వేపచెట్టు, చెట్టు కింద సిమెంటు బల్ల, బల్లమీద కూర్చుని కొడుకు కోసం ఎదురుచూసే తల్లి. కొడుకు అమెరికాలో ఉంటాడు. కోడలు ఎక్కడున్నా గయ్యాళిగానే ఉంటుంది. చివరి పేరాలో తల్లి చనిపోతుంది, లేదా కొడుకుని క్షమిస్తుంది. పోటీ కథల్లో దీన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. రాసినవాళ్లలో మన ఆడవాళ్లూ తక్కువేం కాదు.

ఈ కథతో నా పేచీ ఒకటే. "అమ్మనెందుకు వదిలేశావు" అని కొడుకుని నిలదీస్తుంది. అప్పటిదాకా ఆ అమ్మకి అన్నం కలిపిందెవరు, పక్కబట్టలు మార్చిందెవరు, రాత్రి రెండుసార్లు లేచిందెవరు అని మాత్రం అడగదు. కొడుకు చూసుకుంటున్నాడు అంటే కోడలు చేస్తోందని అర్థం. ఆశ్రమంలో చేరాక చేసేది ఆయా. కథలో కోడలికి తిట్లు దక్కుతాయి, ఆయాకి అవి కూడా దక్కవు.

శ్రీరమణ 'మిథునం' ఈ మూసలోది కాదు. 2012లో తనికెళ్ల భరణి సినిమాగా తీసినప్పుడు కూడా అందరం మురిసిపోయాం. పిల్లలు దూరంగా ఉన్నా శాపనార్థాలు లేకుండా, ముసలి దంపతులు తమ ఇంట్లో తాము బతకడాన్ని చూపించింది. అది గొప్పే. అయితే అప్పదాసు భోజనప్రియత్వమంతా బుచ్చిలక్ష్మి చేతుల మీద, నడుము మీద సాగుతుంది. భర్త తనకన్నా ముందు పోవాలని ఆమె కోరుకుంటుంది. పుణ్యస్త్రీగా పోవాలనే తరతరాల మొక్కుని తిరగేసిన మాట అది. తను లేకపోతే ఆయన్ని ఎవరూ భరించలేరని ఆమె బెంగ. ఇంత వయసులో కూడా చాకిరీ నుంచి విడుదల ఆయన మరణంతో తప్ప లేదన్నమాట! సరే, ఆ తర్వాత ఆమెని ఎవరు చూస్తారు?

ఇది నాకు సాహిత్య ప్రశ్న మాత్రమే కాదు. మా చిన్నమ్మ పెళ్లి చేసుకోలేదు. జహీరాబాద్‌లోనే టీచరుగా పనిచేసి రిటైరైంది. తుంటి ఎముక విరిగాక ఊళ్లోనే ఒక అద్దె ఇంట్లో నడిచే చిన్న హోముకి మారింది. ఎనిమిది మంచాలు, ఒక వంటిల్లు, ఇద్దరు ఆయాలు. పొద్దున జొన్నరొట్టెల వాసన వీధి దాకా వస్తుంది. ఎవరికి చక్కెర జబ్బు, ఎవరికి చెవుడు అన్నది అక్కడ కాగితం చూసి చెప్పక్కర్లేదు. జీవితమంతా ఫలానా వాళ్లమ్మ, ఫలానా వాళ్ల భార్య అనిపించుకున్న ముసలమ్మని ఆయా ఆమె పేరుకి "అవ్వ" చేర్చి పిలుస్తుంటే, పి. సత్యవతి 'ఇల్లలకగానే'లో పేరు మర్చిపోయిన ఇల్లాలు గుర్తొచ్చింది. చిన్నమ్మకి అక్కడ బాగుంది. నేనేమీ సిగ్గుపడటం లేదు.

అయితే, రాత్రి డ్యూటీ ఆయాది దగ్గర్లోని పల్లె. "మరి ఇంటికాడ మీ అత్తని ఎవరు చూస్తారు?" అనడిగితే, "మా పెద్దబిడ్డ సూస్తది మేడం, బడి బందువెట్టింది" అంది, చిన్నమ్మ కాలికి నూనె రాస్తూనే. మా ఇంటి సమస్య తీరింది. అది ఆ పల్లెలో ఒక ఆడపిల్ల పుస్తకాల మీదికి జరిగింది, అంతే.

చట్టం సంగతి చూడండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు లేనివాళ్లని, వాళ్ల ఆస్తి దక్కే బంధువు పోషించాలంటుంది. ఆస్తి లేని ఒంటరి ఆడమనిషికి ఆ లెక్కలో బంధువే లేడు. జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేదలకు చోటు అంది, అదీ ప్రభుత్వం 'పెట్టవచ్చు' అనే మాటతో. నూటయాభై మంచాల మధ్య పేరు పెట్టి పిలిచేదెవరు? పైగా అత్తమామలు ఇదే చట్టాన్ని పట్టుకుని కోడళ్లని ఇళ్లనుంచి ఖాళీ చేయించబోతే, 2020లో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు అడ్డుపడాల్సి వచ్చింది. గృహహింస చట్టం కోడలికిచ్చిన నివాస హక్కుని దీంతో కొట్టేయలేరని చెప్పింది. ముసలి ఆడదానికీ పడుచు ఆడదానికీ పోటీ పెట్టడం మన కథలకే కాదు, ఇళ్లకీ అలవాటే.

ఫ్రాన్స్‌లో తెరేజ్ క్లెర్ అనే స్త్రీవాది ఏళ్లతరబడి పోరాడి, పారిస్ పక్కన మోంత్రేయిలో వృద్ధ స్త్రీలు తామే నడుపుకునే ఇల్లు సాధించింది. 'బాబాయాగాల ఇల్లు' అని దాని పేరు, అంటే జానపద కథల్లోని మంత్రగత్తె ముసలమ్మలన్నమాట. 2012లో తెరుచుకుంది. అంత దూరం పోనక్కర్లేదు. జహీరాబాద్ పక్కనే పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు చిరుధాన్యాల విత్తనాలు దాచారు, తల్లులు పనికి పోవాలంటే పిల్లల్ని కలిసి చూసుకోవాలని బాలవాడీలు నడిపారు. అదే ఆలోచనని ముసలితనం దాకా ఎందుకు చాపకూడదు? కూలిపని చేసే స్త్రీకి రిటైర్మెంటు లేదు కాబట్టి వృద్ధాశ్రమం కథ కూడా లేదు. 2008లో మాచ్‌నూర్‌లో మొదలైన సంఘం రేడియోలో ఆ ఊళ్ల అవ్వల గొంతులున్నాయి. మన కథా సంకలనాల్లో ఎన్ని ఉన్నాయి?

నీ సంగతి నువ్వే చెప్తే రాసుకుంటానని ఆ ఆయానడిగాను. "పగటీలి నిద్రవోవాలె మేడం. రాత్రి డ్యూటీల రాండ్రి, జెప్త" అంది.