పారసీక రాజకుమారుని కథ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల బాలురలో "ప్రిన్స్ ఆఫ్ పర్షియా" యను కంప్యూటరు ఆటల నెఱిగినవారు పలువురు. నాయకుడు గోడలపై పరుగెత్తును, అగాధములను దుమికి దాటును; గండికోట గోడ లెక్కి వచ్చిన పిల్లవానికి అది తన పౌరుషమే యని తోచును. పెద్దలు కాలహరణమని త్రోసివేయుదురు. కాని యిందు కథయు పాత్రలును గలవు. పౌరుషమనగా నేమో బాలుడిచ్చట నేర్చుచున్నాడు. కావున విమర్శకుడు మౌనము వహింపదగదు.

1989లో అమెరికావాడైన జోర్డన్ మెక్నర్ రచించిన తొలి యాటలో కథ స్వల్పము. దుష్టమంత్రి జాఫరు రాజపుత్రికను చెఱబట్టి గంట గడువిచ్చును. ఆ గంటలో నాయకుడు చెఱసాలనుండి వెలువడి యామెను విడిపింపవలెను. అతనికి పేరు లేదు; ఆమెకు, ఒక చిట్టెలుకను సాయము పంపుట దప్ప, పని లేదు. అయినను ఒక ఘట్టము మఱపురానిది. అద్దమును చీల్చుకొని దూకగా నాయకుని నీడ వేఱుపడి, తరువాత కత్తి దూసి యెదురు నిలుచును. దానిని చంపినచో తానే చచ్చును. కత్తిని ఒరలో నుంచినచో అది తనలో లీనమగును. ఒక్క మాటయు లేకయే ఎంత చెప్పెను!

నడుమ వచ్చినవానిని విడిచెదను. 2003లో వెలువడిన "ది శాండ్స్ ఆఫ్ టైమ్" కథయు మెక్నర్‌దే. ఇందు నాయకుడే కథకుడు. ఆడువాడు పొరబడి నాయకుని చంపినచో, అట్లు జరుగలేదని కథకుడు తన్ను తాను దిద్దుకొనును. ఆటలోని చావు కథలో నోటి తొట్రుపాటైనది. నాయిక ఫరా భారతదేశపు మహారాజు కూతురు. విల్లు బట్టి ప్రక్కన నడచును, మాటకు మాట చెప్పును, నమ్మకము చాలనప్పుడు అతని బాకును గొనిపోవును. తల్లి నేర్పిన రహస్యపదము నతనికి తెల్పును. ఆ పదము "కాకోలూకీయము", పంచతంత్రమున మూడవ తంత్రము పేరు! ఆ గ్రంథము ఆఱవ శతాబ్దముననే పారసీకమునకు బోయినది గదా. చిన్నయసూరి మిత్రలాభ మిత్రభేదములతో నిలిచినందున మన పిల్లలకు ఈ పేరు పెక్కుమార్లు ఆటవలననే తెలియుచున్నది. కాకుల గుడ్లగూబల వైరము ప్రేమసంకేతమెట్లయ్యెనో రచయితకే తెలియవలె.

2004 నాటి "వారియర్ విథిన్" కథ మెక్నర్‌ది కాదు. కాలమును త్రిప్పిన యపరాధమునకు దహాకా యను భూతము నాయకుని దఱుముచుండును. బీజము మంచిదే. కాని గర్వముతోడి చతురత గల యువకుడు ఏడేండ్ల తరువాత కేవల ముద్ధతుడై కనబడును. ఆ మార్పు క్రమము మనకు జూపబడలేదు. ఫరా కానరాదు, వచ్చిన స్త్రీలకు వస్త్రములు తక్కువ. మా పిల్లలలో పెక్కురకు నచ్చినది ఇదియే. వారితో నా వాదమును ఇచ్చటనే. 2005లో వచ్చిన "ది టూ థ్రోన్స్" ఆ క్రోధమును నాయకునిలోని రెండవ గొంతుగా జేసి, తుదకు కత్తితో గాక ఉపేక్షచేత వదలించెను. తొలి యాటలోని నీడకు మాట వచ్చినది.

2008 నాటి యాటలో ఎలికా యను నాయిక, నాయకుడు పడినప్పుడెల్ల చేయందించి కాపాడును. చివర తన ప్రాణమిచ్చి అహ్రిమానును బంధించును. నాయకుడు ఆమె సంకల్పమునకు విరుద్ధముగా ఆ బంధమును విప్పి యామెను బ్రదికించును. ఆ పనిని ఆడువాని చేతనే చేయింతురు. అది ప్రేమయా, ఆమె త్యాగమును హరించుటయా యని తొమ్మిదవ తరగతిలో నడిగితిని. గంట మ్రోగినను తగవు తీఱలేదు.