చీకటి పడకముందే

మే నెల, సాయంత్రం ఐదు దాటింది. ట్యూషన్‌కు పోతున్న పిల్లగాడు గుప్పిలి ముడుచుకుని మా గేటు ముందు నిలబడ్డాడు. "సార్, చింతచెట్టు కింద పడ్డది. తల్లి వస్తలేదు" అన్నాడు. గుప్పిలి విప్పితే చిటికెన వేలంత ఉడుత పిల్ల. ఒంటి మీద బొచ్చు ఇంకా రాలేదు. కళ్లు తెరవడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది, అదీ కాలేదు. కానీ ఆ లేత చర్మం మీద మూడు చారలు మాత్రం అప్పటికే తేలి ఉన్నాయి.

మా ఊరు ఖేడ్‌లో ఉడుతకు పేర్లకు కొదవ లేదు. కన్నడం మాట్లాడేవాళ్లు అళిలు అంటారు, మరాఠీవాళ్లు ఖార్ అంటారు, ఉర్దూలో గిలహరి. ఇన్ని భాషల్లో పిలుపు ఉన్న జీవిని ఎవరం పట్టించుకోం, రోజూ కనిపిస్తుంది కాబట్టి. ఒకప్పుడు నేనూ అంతే. మొదటిసారి దొరికిన పిల్లకు ఇంకు ఫిల్లర్‌తో ఆవుపాలు పట్టాను. పాలు ముక్కులోంచి బయటికి వచ్చాయి. తెల్లారేసరికి అది లేదు. దయ ఉంటే సరిపోదని, పని తెలియాలని నాకు ఆ పొద్దున తెలిసింది.

పని ఇది. ముందు వెచ్చదనం, ఆ తర్వాతే ఏదైనా. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, పాత నూలుగుడ్డ చుట్టి, పిల్లను దాని పక్కన అట్టపెట్టెలో పడుకోబెట్టాలి. చల్లబడ్డ ఒంటికి పాలు అరగవు, ఆవుపాలైతే అసలే పడవు. దెబ్బ లేకపోతే పెట్టెను అదే చెట్టు మానుకు, చీమలు, పిల్లులు అందుకోని ఎత్తులో కట్టి దూరం జరగాలి. ఉడుత పగటి జీవి. చీకటి పడితే తల్లి గూడు దిగదు. అందుకే పొద్దు ఉండగానే ఈ పనంతా అయిపోవాలి.

"మనిషి ముట్టినంక తల్లి దగ్గరికి రానియ్యదు బిడ్డా" అంది పక్కింటి అవ్వ. ఈ మాట ఊరూరా ఉంది. నిజం కాదు. "వస్తది అవ్వా, జర్ర ఆగి చూడు" అన్నాను.

మేం చేసేది చిన్న పనే. బ్రిటన్‌లో ఉడుతల కోసం ఊళ్లకు ఊళ్లే పనిచేస్తున్నాయని చదివాను. 1876లో అమెరికా నుంచి తెచ్చి వదిలిన బూడిదరంగు ఉడుతలు అక్కడి సొంత ఎర్ర ఉడుతల తిండి లాక్కున్నాయి. బూడిదవాటి ఒంట్లో ఉండే మశూచి లాంటి వైరస్ వాటినేమీ చేయదు, ఎర్రవాటిని చంపేస్తుంది. 2018 అంచనా ప్రకారం బ్రిటన్‌లో ఎర్రవి 2.87 లక్షలు, బూడిదవి 27 లక్షలు. వాలంటీర్లు అడవిలో తిండిపెట్టెలు కట్టి, మూత దగ్గర జిగురు పట్టీ అతికిస్తారు. దానికి అంటిన వెంట్రుకలను చూసి వచ్చింది ఏ ఉడుతో తేలుస్తారు. రోగం అంటకుండా ఆ పెట్టెలను మందునీళ్లతో కడుగుతారు. బూడిదవాటిని పట్టి చంపడం కూడా ఆ పనిలో భాగమే. చదువుతుంటే నాకు మనసొప్పలేదు. కానీ తెచ్చి వదిలింది మనుషులే కదా, ఆ భారం మోయాల్సిందీ వాళ్లే. ఆంగ్లెసీ దీవిలో అలా ఏళ్లతరబడి చేస్తే 2015కు బూడిదవి లేకుండా పోయి, ఎర్రవి మళ్లీ నిలదొక్కుకున్నాయి.

మనకూ ఎర్రటి ఉడుత ఒకటి ఉంది, నల్లమలలో బెట్టుడుత; బ్రిటన్ ఎర్ర ఉడుత కాదు, వేరే జాతి. అది పెద్ద చెట్ల మీద కొమ్మ నుంచి కొమ్మకు దూకి బతికే జాతి. మా ఎండభూమిలో ఉన్నది చారల ఉడుతే. దీనికి బయటి ఉడుతతో పోటీ లేదు. కష్టమల్లా చెట్లు తగ్గడంతోనూ, మూతలేని నీళ్ల డ్రమ్ములతోనూ. దాహానికి వచ్చి డ్రమ్ములోకి జారితే ఆ నున్నటి గోడ ఎక్కలేదు. మేం ఐదారుగురం ఎండాకాలమంతా ఇల్లిల్లూ తిరిగి చెప్పేది ఒకటే: మూత పెట్టండి, లేదా లోపల ఓ కట్టె నిలబెట్టండి. ఇంకో పని, వానలకు ముందు కరెంటు తీగల కోసం కొమ్మలు కొట్టేటప్పుడు దగ్గరుండడం. "అన్నా, ఆ కొమ్మ మీద గూడుంది, పది రోజులు ఆగు" అంటే చాలాసార్లు ఆగుతారు.

ఉడుతాభక్తి అన్న మాట మనం చిన్న సాయానికి వాడతాం. రంగనాథ రామాయణంలోని ఆ ఉడుత నీళ్లలో మునిగి, ఇసుకలో పొర్లి, వారధి మీద దులిపి, మళ్లీ నీళ్లకు పోతుంది. నాకు ఆ కథలో నచ్చేది దాని చిన్నతనం కాదు, ఆ 'మళ్లీ'. మా పనీ అంతే: ఉడుతలకు పెట్టే నీళ్ల మూకుడు నిన్న కడిగాం కదా అని ఇవాళ వదిలేస్తే పాచి పడుతుంది.

ఆ సాయంత్రం అవ్వ, పిల్లగాడు, నేను గోడ పక్కన కూర్చున్నాం. ఆరున్నర కావస్తుండగా తల్లి తలకిందులుగా మాను దిగింది. పెట్టె అంచున ఆగింది, తోక రెండుసార్లు విదిల్చింది. పిల్లను పొట్ట దగ్గర నోట కరుచుకుంది. పిల్ల ముడుచుకుని తల్లి మెడకు చుట్టుకుంది. ఇద్దరూ కొమ్మల్లోకి పోయారు. అవ్వ లేవబోయింది. ఇంతలో తల్లి మళ్లీ దిగి వచ్చి, ఖాళీ గుడ్డంతా మూతితో వెతికి, ఇంకెవరూ మిగల్లేదని చూసుకుని వెళ్లింది.