టవర్ లేని చోట చూపే దిక్కు

శ్రీశైలం ఘాట్ రోడ్డులో మలుపు రాగానే లారీ డ్రైవర్ హారన్ కొడతాడు. అవతల ఎవరైనా ఉంటే వింటారని ఆశ. జవాబు రాకపోయినా బండిని నెమ్మదిగానే తిప్పుతాడు. హారన్ లేని సైకిలో, ఏ హారన్‌నూ లెక్కచేయని గేదెల మందో ఎదురుపడొచ్చు మరి. అమెరికాలో చిన్న విమానాలు దిగే వేల ఊళ్లలో ఆకాశం ఈ పద్ధతి మీదే నడుస్తోంది.

ఆ దేశంలో అందరికీ తెరిచి ఉన్న విమానాశ్రయాలు దాదాపు 5,000. కంట్రోల్ టవర్ ఉన్నవి అందులో ఐదారు వందలే. మిగతా చోట్ల ఒక రన్‌వే, గాలివాటం చూపే గుడ్డ గొట్టం, పెట్రోలు పంపు, నాలుగు షెడ్లు ఉంటాయి. నువ్వు ఆగు, నువ్వు దిగు అని చెప్పే మనిషి ఉండడు. అయినా రోజంతా విమానాలు లేస్తూ దిగుతూనే ఉంటాయి. పైలట్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ వచ్చిన ఆచారమే దీనికి ఆధారం. సర్కారు దాన్ని కొంత చట్టంగా, కొంత సలహాగా రాసిపెట్టింది.

ఆ ఆచారంలో మొదటిది ప్రదక్షిణ. రన్‌వేను ఒక భుజంగా పెట్టుకుని, నేలకు సుమారు 1,000 అడుగుల ఎత్తున గాలిలో ఒక దీర్ఘచతురస్రాన్ని ఊహించుకోవాలి. రన్‌వేకు సమాంతరంగా, దిగే దిశకు ఎదురుగా వెళ్లే భుజం డౌన్‌విండ్. అక్కడి నుంచి తిరిగితే బేస్, మళ్లీ తిరిగితే ఫైనల్. వేరే సూచన లేకపోతే మలుపులన్నీ ఎడమకే. పైలట్ కూర్చునేది ఎడమ సీటులో కాబట్టి రన్‌వే అతని కిటికీలోంచే కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చేవాడు డౌన్‌విండ్ మధ్యకు 45 డిగ్రీల కోణంలో వచ్చి కలుస్తాడు. ఇంత పట్టింపు ఎందుకంటే, ఆకాశంలో చిన్న విమానం ఈగంత. ఎక్కడ వెతకాలో తెలిస్తే సగం పని అయినట్టే.

రెండోది మాట. ఆ విమానాశ్రయానికి కేటాయించిన ఉమ్మడి రేడియో ఫ్రీక్వెన్సీని పైలట్లు సీటాఫ్ అంటారు. పది మైళ్ల దూరం నుంచే అందులో చెప్పుకుంటూ రావాలి: “వాట్సన్‌విల్ ట్రాఫిక్, తెల్ల సెస్నా, దక్షిణాన పది మైళ్లలో ఉన్నాను, దిగడానికి వస్తున్నాను, వాట్సన్‌విల్.” ఊరి పేరు మొదటా చివరా రెండుసార్లు పలకడం ఛాదస్తం కాదు. 122.7, 122.8, 123.0 లాంటి కొద్ది ఫ్రీక్వెన్సీలనే ఎన్నో ఊళ్లు పంచుకుంటాయి. ఎండ కాసిన ఆదివారం పూట నాలుగు ఊళ్ల మాటలు ఒకే స్పీకర్లో కలగాపులగంగా వినిపిస్తాయి. ఇద్దరు ఒకేసారి మైకు మీట నొక్కితే ఎవరి మాటా దక్కదు, కీచుమనే శబ్దం తప్ప. ఆ మీటకు ఇంకో ముచ్చటైన ఉపయోగం కూడా ఉంది. చాలాచోట్ల రాత్రిపూట అయిదు సెకన్లలో ఏడుసార్లు నొక్కితే రన్‌వే దీపాలు పూర్తి వెలుగుతో వెలుగుతాయి.

అయితే మాట మీదే భారం వేస్తే ఏమవుతుందో ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ చెబుతుంది. 1996 నవంబర్ 19 సాయంత్రం, పది మంది ప్రయాణికులతో ఒక బీచ్ 1900 విమానం అక్కడ దిగబోతోంది. దాని దారికి అడ్డంగా ఉన్న మరో రన్‌వే చివర ఒక కింగ్ ఎయిర్ విమానం, దాని వెనుక చెరోకీ అనే ఇంకో చిన్న విమానం నిలబడి ఉన్నాయి. రన్‌వే చివర ఉన్న విమానం ఆగుతుందా, లేస్తుందా అని బీచ్ పైలట్లు రేడియోలో అడిగారు. వెనుకనున్న చెరోకీ పైలట్ పలికాడు. ఆ జవాబులో కొంత భాగం బీచ్ కాక్‌పిట్‌లో అదే క్షణాన మోగిన హెచ్చరిక శబ్దంలో కలిసిపోయింది. కింగ్ ఎయిరే ఆగుతానంటోందని వాళ్లు అనుకున్నారు. కింగ్ ఎయిర్ మాత్రం పరుగు అందుకుంది. రెండు రన్‌వేలూ కలిసే చోట ఢీకొన్నాయి. బీచ్ విమానంలోని వాళ్లు ఆ దెబ్బకు చనిపోలేదు. తలుపు తెరుచుకోక, పొగలో మంటల్లో పోయారు. మొత్తం 14 మంది. ప్రశ్న అడిగారు, జవాబు వచ్చింది, కృతజ్ఞతలు కూడా చెప్పారు. జవాబిచ్చింది ఎవరన్నదే తెలియలేదు.

అందుకే ఈ ఆచారానికి అసలు ప్రాణం చూపు. చాలాచోట్ల రేడియో ఉండాలన్న నిబంధనే లేదు. పాత పైపర్ కబ్ విమానాలలో చాలావాటికి కరెంటు వ్యవస్థే ఉండదు. అవి నోరు విప్పవు, ఇతర పైలట్ల తెరల మీద చుక్కలుగానూ కనిపించవు. చూడటానికీ ఒక విద్య ఉంది. ఆకాశమంతా ఒక్క ఊపులో కలియజూస్తే కంటికి ఏదీ ఆనదు. పది డిగ్రీల చొప్పున ముక్కలు చేసుకుని, ఒక్కోదాని మీద కనీసం ఒక సెకను చూపు నిలపాలి. అద్దంలో పక్కకు జరిగే విమానంతో సాధారణంగా భయం లేదు. ఒకేచోట మచ్చలా నిలిచి, మెల్లగా పెద్దదయ్యేదే మన మీదికి వచ్చేది. ఎదురెదురుగా 100 నాట్ల చొప్పున వచ్చే రెండు విమానాల మధ్య దూరం సెకనుకు నూరు మీటర్లకు పైగా తరుగుతుంది. చూసి, గుర్తించి, విమానం పక్కకు తిరిగేసరికి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ లెక్క. కిలోమీటరు దాటి అక్కడే ఖర్చయిపోతుంది. పైగా రెక్కలు కింద ఉన్న విమానానికి కింద ఏముందో కనబడదు, రెక్కలు పైన ఉన్నదానికి పైన ఏముందో కనబడదు. ఫైనల్‌లో మొదటిది పైన, రెండోది కింద ఉంటే ఇద్దరూ గుడ్డివాళ్లే.

ఇక మర్యాద. దిగడానికి వచ్చేవాటిలో కిందున్న దానిదే ముందు వంతు అంటుంది చట్టం. ఆ వంకతో ఫైనల్‌లో ఉన్నవాడికి అడ్డు దూరకూడదని కూడా అంటుంది. ప్రదక్షిణ మానేసి దూరం నుంచి నేరుగా ఫైనల్‌కు రావడం మాత్రం నేరం కాదు. నా ఉద్దేశంలో, ప్రదక్షిణలో జనం ఉన్నప్పుడు అది క్యూలో ముందుకు దూరడమే. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఒక సెస్నా 340 అలాగే, ఉండాల్సిన దానికన్నా చాలా వేగంగా వచ్చింది. ప్రదక్షిణలో ఉన్న చిన్న సెస్నా 152 పైలట్ దాన్ని చూశాడు. నువ్వు వేగంగా మీదికొస్తున్నావు, నేను దిగడం మానుకుంటున్నా అని రేడియోలో చెప్పాడు కూడా. అప్పటికే ఆలస్యమైంది. ముగ్గురు చనిపోయారు.

పైలట్ శిక్షణకు అమెరికా వెళ్లబోతున్న మన పిల్లలకు ఒక మాట. ఒంటరిగా ఎగరకముందే ఒక ఆదివారం చేతి రేడియో పట్టుకుని అలాంటి విమానాశ్రయం కంచె పక్కన గంటసేపు కూర్చోండి. ఒక్కో పిలుపు వినగానే ఆ విమానం ఎక్కడ ఉండాలో ముందు వేలితో చూపించి, ఆ తర్వాత తలెత్తి చూడండి.